నేరంలో భాగస్వామే సాక్షి అయితే

శ్రోతలకు నమస్కారం.

హత్య కేసులో దారిన పోయేవాడెవడో చూసి సాక్ష్యం చెప్పొచ్చు. కాకిలెక్కలు రాసేవాళ్లు తలుపులు వేసుకుని రాస్తారు. లోపల ఏం మాట్లాడుకున్నారో చెప్పగలిగింది లోపలున్నవాళ్లే. అందుకే పెద్ద ఆర్థిక మోసాల కేసుల్లో ప్రాసిక్యూషన్ తరఫున బోనెక్కే ముఖ్య సాక్షి చాలాసార్లు ఆ నేరంలో చెయ్యి ఉన్నవాడే అవుతాడు. మన కోర్టుల్లో అయితే క్షమాభిక్ష పొంది అప్రూవర్‌గా వస్తాడు. అలాంటివాడి మాటను వేరే ఆధారాలతో సరిచూసుకోకుండా నమ్మకూడదని మన న్యాయమూర్తులు మొదటి నుంచీ అంటున్నదే.

ఇలాంటి సాక్షి దొరికితే డిఫెన్స్ లాయరుకు పండగే అనుకుంటాం. 2005లో న్యూయార్క్‌లో నడిచిన వరల్డ్‌కామ్ కేసులో ఏమైందో చూడండి.

అది అమెరికాలో పేరుమోసిన టెలిఫోన్ కంపెనీ. ఇతర కంపెనీల లైన్లు వాడుకున్నందుకు కట్టిన డబ్బును ఖర్చు కింద రాయకుండా, ఏదో ఆస్తి కొన్నట్టు రాసి లాభాలు చూపించింది. 2002 జూలైలో దివాలా తీసింది. తప్పుడు లెక్కల మొత్తం సుమారు 1,100 కోట్ల డాలర్లని తేలింది. ముద్దాయి సీఈఓ బెర్నార్డ్ ఎబర్స్. ముఖ్య సాక్షి సీఎఫ్ఓ, అంటే కంపెనీ డబ్బు వ్యవహారాలు చూసే పెద్ద అధికారి, స్కాట్ సలివన్. లెక్కలు మార్పించింది ఈ సలివనే. నేరం ఒప్పుకుని, శిక్ష తగ్గుతుందన్న ఆశతో సాక్ష్యానికి వచ్చాడు.

ఎబర్స్ లాయరు రీడ్ వైన్‌గార్టెన్ క్రాస్ ఎగ్జామినేషన్‌లో అతన్ని ఉతికి ఆరేశాడు. డైరెక్టర్ల బోర్డుకు అబద్ధం చెప్పినట్టు అతని నోటితోనే ఒప్పించాడు. కొకైన్ వాడిన సంగతీ జ్యూరీ ముందుకొచ్చింది. అక్కడ ముద్దాయి దోషో కాదో తేల్చేది మామూలు పౌరులతో కూడిన ఈ జ్యూరీయే. ఈ డ్రగ్స్ గొడవ నా దృష్టిలో వట్టి హడావుడి. మత్తుమందు వాడినవాడు లెక్కల గురించి అబద్ధమే చెబుతాడని ఎక్కడుంది? అసలు దెబ్బ వేరే చోట ఉంది. ‘అంకెలు అందుకోవాల్సిందే’, అంటే మార్కెట్ ఎదురుచూసిన ఫలితాలు చూపించాల్సిందే, అని ఎబర్స్ తనతో అన్నాడని సలివన్ చెప్పాడు. ఆ మాటలు జరిగినప్పుడు మూడో మనిషి లేడు. లెక్కలు మార్చమని ఎబర్స్ రాసిచ్చిన కాగితమూ లేదు.

అయినా కేసు నిలబడింది. కారణం చాలావరకు ఎబర్స్ చేతులారా తెచ్చుకున్నదే అంటాను. తనూ బోనెక్కి, తనకు అకౌంటింగ్ తెలియదు, అదంతా సలివన్ చూసుకునేవాడు అన్నాడు. కానీ ఆఫీసులో కాఫీ పొడి ప్యాకెట్ల లెక్కకీ కాఫీ వడకట్టే కాగితపు ఫిల్టర్ల లెక్కకీ పొంతన లేదని, అంటే సిబ్బంది పొడి ఎత్తుకుపోతున్నారని, ఎబర్స్ గుర్తుపట్టిన వైనం విచారణలో బయటికొచ్చింది. కాఫీ పొడి దగ్గర అంత నిఘా పెట్టినవాడి కళ్లకు వందల కోట్ల డాలర్లు ఆనలేదంటే ఎవరు నమ్ముతారు? సలివన్‌ను ఎంత అబద్ధాలకోరుగా నిలబెట్టినా, ఈ ప్రశ్నకు డిఫెన్స్ దగ్గర జవాబు లేకపోయింది.

మార్చి 15న జ్యూరీ తొమ్మిది అభియోగాల్లోనూ ఎబర్స్ దోషి అని తేల్చింది. జూలైలో 25 ఏళ్ల జైలు పడింది. సలివన్‌కు శిక్ష వేసింది ఆ తర్వాత, ఆగస్టులో. అయిదేళ్లు. బోనులో నిలబడి సాక్ష్యం చెప్పిన రోజున తనకెంత పడుతుందో సలివన్‌కు ఇంకా తెలియదు.