చర్చ: వాక్యంలో ఏది అక్షరాలా, ఏది అలంకారం?

(లైవ్‌లో విన్నది విన్నట్టు రాశాం. అందరూ ఒకేసారి మాట్లాడిన చోట వినబడినంతే ఉంది.)

యాంకర్: నమస్కారం. ఓ ప్రసంగం వీడియో వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. యేసు పొందిన దెబ్బల వల్ల మనకి స్వస్థత వచ్చేసింది, ఇంక షుగర్ మందులెందుకు అంటున్నారు అందులో. బైబిల్లో యెషయా 53లోని ఆ దెబ్బల మాట అక్షరాలా తీసుకోవాలా, అలంకారమా? అసలు అది ఎవరు డిసైడ్ చేస్తారు? పాస్టర్ గారూ?

పాస్టర్: ప్రైజ్ ద లార్డ్. దేవుడు చెప్పింది చెప్పినట్టే. మత్తయి 8 తీయండి. పేతురు అత్తకి జ్వరం పోయింది, రోగులందరూ బాగయ్యారు, అప్పుడు మత్తయి 17వ వచనంలో యెషయా మాట నెరవేరిందని రాశాడు. జ్వరం అలంకారమా? చెప్పండి, జ్వరం అలంకారమా?

లెక్చరర్: కాదు, అది ఒప్పుకుంటాను. కానీ అదే అధ్యాయంలోని దెబ్బల మాటని 1 పేతురు 2:24 పాపం గురించి వాడింది, మీరు గొర్రెల్లా దారి తప్పారని ఆ పక్క వచనమే అంటుంది, అంటే అక్కడ స్వస్థత...

పాస్టర్: గొర్రెలు అలంకారమే, ఎవరు కాదన్నారు! స్వస్థత మాత్రం స్వస్థతే.

యాంకర్: పక్కపక్క వచనాల్లో ఒకటి అలంకారం, ఇంకోటి కాదు. మరి ఎవరు డిసైడ్ చేస్తారు? ఫాదర్?

ఫాదర్: సంఘం. మొదట్నుంచీ చదువుతూ వస్తున్న సంఘం. చివరి భోజనంలో రొట్టె ఇస్తూ యేసు "ఇది నా శరీరము" అన్న మాటనే తీసుకుంటే మేము...

పాస్టర్: అక్కడ మాత్రం అక్షరాలా అంటారు! "నేనే ద్వారమును" అని కూడా అన్నాడు, ఆయన తలుపా?

ఫాదర్: పూర్తి చెయ్యనివ్వండి. యోహాను 6లో నా శరీరం తినాలని యేసు అంటే, ఈ మాట కఠినమని చాలామంది శిష్యులు వెళ్లిపోయారు. ఉత్త అలంకారమే అయితే వెనక్కి పిలిచి చెప్పేవాడు కదా.

లెక్చరర్: ఇది పాత గొడవే. 1529లో జర్మనీలోని మార్బర్గ్‌లో ప్రొటెస్టెంట్ సంస్కర్తలు లూథర్, జ్వింగ్లీ కూర్చుంటే 14 అంశాలు కుదిరాయి, ఈ రొట్టె, ద్రాక్షారసాల ప్రభువు భోజనం దగ్గరే తెగలేదు. లూథర్ ఆ వాక్యాన్ని సుద్దతో బల్ల మీద రాసుకుని కదలనన్నాడు.

యాంకర్: అంటే అప్పుడూ ఎవరూ డిసైడ్ చేయలేదు!

డాక్టర్: నేనూ విశ్వాసినే, ప్రతి ఆదివారం చర్చికి వెళ్తాను. ఇన్సులిన్ తప్పనిసరైన వాళ్లు మానేస్తే ప్రాణం పోతుంది, ఆ వీడియోలో అసలు విషయం అది...

పాస్టర్: నేను మందులు ఆపమనలేదమ్మా! విశ్వాసం గురించి మాట్లాడుతున్నాను. జ్వరం పోయిందా లేదా?

లెక్చరర్: పోయింది. కానీ అపొస్తలుడైన పౌలు తన తోటివాడు త్రోఫిముని జబ్బుగా ఉంటే మిలేతులో వదిలి వచ్చాడు, శిష్యుడు తిమోతికేమో కడుపు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు.

పాస్టర్: అది మద్యం కాదు, పండ్ల రసం!

ఫాదర్: యేసు నీళ్లని ద్రాక్షారసం చేసిన కానా పెళ్లిలో కూడా పండ్ల రసమేనా?

పాస్టర్: ముమ్మాటికీ!

(ఇద్దరూ ఒకేసారి. రెండు నిమిషాలు ద్రాక్షారసం మీదే.)

లెక్చరర్: ఒక్క సంగతి వినండి. పరిసయ్యులనే మతబోధకుల పులిసిన పిండి జాగ్రత్త అని యేసు వాళ్ల బోధ గురించి అంటే, రొట్టెలు తేలేదని అన్నాడేమో అనుకున్నారు శిష్యులు. పక్కన ఉన్నవాళ్లే పొరబడితే ఆయన విసుక్కున్నాడు. అక్షరాలా తీసుకోవడమే ఎక్కువ భక్తి అని ఎక్కడా లేదు, ఈ మాట మన సంఘాల్లో గట్టిగా చెప్పాలి, లేకపోతే...

పాస్టర్: అంటే అద్భుతాలన్నీ కథలంటారు! ఇవాళ స్వస్థత అలంకారం, రేపు పునరుత్థానం అలంకారం.

లెక్చరర్: నేను ఆ మాట అనలేదు.

పాస్టర్: అక్కడికే వెళ్తారు! జ్వరం పోయింది, కుష్ఠు పోయింది, చనిపోయిన లాజరు లేచాడు!

యాంకర్: టైమ్ అయిపోతోంది. అయినా ఎవరు డిసైడ్ చేస్తారో తేలలేదు. పాస్టర్ గారూ, చివరి మాట మీది.

డాక్టర్: ఇన్సులిన్ గురించి ఒక్క ముక్క...

పాస్టర్: వాక్యమే డిసైడ్ చేస్తుంది. నమ్మినవాడికి అర్థమవుతుంది. చూస్తున్న ప్రతి ఒక్కరూ మత్తయి 8 తీయండి, చెయ్యి గుండె మీద పెట్టుకుని...

యాంకర్: బ్రేక్ తర్వాత వార్తలు.