సైనస్ లిఫ్ట్‌కి ఏ బోన్ గ్రాఫ్ట్ మంచిది? ఒక డెంటిస్ట్ రివ్యూ

నమస్తే అండి! పై దవడలో వెనక పళ్లు ఎప్పుడో తీయించుకున్నారు. ఇప్పుడు ఇంప్లాంట్‌కి వెళ్తే "ఎముక చాలదు, సైనస్ లిఫ్ట్ చేయాలి" అన్నారు. ఎస్టిమేట్‌లో బోన్ గ్రాఫ్ట్ అని వేరే అంకె. గ్రాఫ్ట్ అంటే ఎముక చాలని చోట నింపే సరుకు. దాని సంగతే ఈ వీడియో.

సైనస్ అంటే బుగ్గ వెనక, పై దవడ ఎముక లోపలి గాలి గది. అడుగున ఉన్న పల్చటి పొరని పైకి లేపి, ఆ ఖాళీలో గ్రాఫ్ట్ నింపుతాం. ఊపిరి ఆడినంతసేపూ ఆ పొర మీద గాలి ఒత్తిడి పడుతూనే ఉంటుంది. అందుకే నేను చూసేది ఒక్కటే: కొత్త ఎముక కట్టేదాకా ఆ ఎత్తు నిలుస్తుందా, లేదా?

సొంత ఎముకని గోల్డ్ స్టాండర్డ్ అంటారు. 1980లో బోయిన్, జేమ్స్ అనే డాక్టర్లు ప్రచురించిన సైనస్ లిఫ్ట్ కేసుల్లో వాడింది తుంటి ఎముకే. అందులో బతికున్న కణాలుంటాయి, నిజమే. కానీ ఇంకోచోట కోత, వాపు. పైగా తొందరగా కరిగిపోతుంది.

ఇదిగో, బయో-ఆస్. స్విట్జర్లాండ్ గైస్ట్‌లిక్ కంపెనీది. పశువుల ఎముకలోంచి సేంద్రియ పదార్థమంతా తీసేసి తయారుచేస్తారు. చూడండి, అచ్చం పంచదార పలుకుల్లా ఉంది. సెలైన్‌లో తడిపితే ముద్దకడుతుంది. 0.25 నుంచి 1, 1 నుంచి 2 మిల్లీమీటర్లు అని రెండు సైజులు. సైనస్‌కి నా ఓటు పెద్ద పలుకులకే, మధ్యలో రక్తనాళాలు పాకడానికి సందు ఉంటుంది. ఏళ్ల తర్వాత పరీక్ష కోసం తీసిన ఎముక ముక్కల్లోనూ (బయాప్సీ) ఈ పలుకులు కొత్త ఎముకలో ఇరుక్కుని కనిపిస్తాయి. కొందరికి అది లోపం, సైనస్‌లో నాకు అదే కావాలి. అయితే ఆరు నుంచి తొమ్మిది నెలలు ఆగాలి.

"అమ్మో, పశువు ఎముకా!" అనేవాళ్లు మొహమాటపడకుండా ముందే చెప్పండి. దానిపై కప్పే కొలాజెన్ పొర పందిది కూడా కావచ్చు, అదీ అడగండి. అలాంటివాళ్లకి సింథటిక్ ఉంది. అందులో బీటా టీసీపీ అనే కాల్షియం ఫాస్ఫేట్ ఒక్కటే ఉంటే నెలల్లో కరుగుతుంది కాబట్టి, నెమ్మదిగా కరిగే హైడ్రాక్సీఅపటైట్ అనే ఖనిజం కలిసినది అడగండి. స్ట్రామన్ బోన్‌సెరామిక్ అనే బ్రాండ్‌లో అది 60 శాతం.

దాతల ఎముక, అంటే అల్లోగ్రాఫ్ట్, బాగానే పనిచేస్తుంది. దాన్ని సేకరించి శుద్ధిచేసిన టిష్యూ బ్యాంక్ పేరు ప్యాక్ మీద లేకపోతే మాత్రం వద్దు.

పీఆర్‌ఎఫ్ అంటే ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న ఫైబ్రిన్ గడ్డ, మీ రక్తంతోనే చేస్తారు. మానడానికి సాయమే గానీ, ఎత్తు నిలబెట్టదు.

నా పద్ధతి: ఎక్కువ భాగం బయో-ఆస్, సైనస్‌లోకి వెళ్లడానికి దవడ ఎముక పక్కన కిటికీలా కోసేచోట గీకిన సొంత ఎముక తురుము కొంచెం. సర్జరీ అయ్యాక గ్రాఫ్ట్ సీసా (వయల్) మీది లాట్ నంబర్ స్టిక్కర్ మీ ఫైల్లో అంటించమని అడిగి తీసుకోండి.