సుపీరియర్ నుంచి సముద్రం దాకా: గ్రేట్ లేక్స్ నీటి దారి

[మ్యాప్: అమెరికా, కెనడా సరిహద్దు. ఐదు సరస్సులు నీలం రంగులో]

నమస్తే అండీ. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చిన అమ్మానాన్నల ఫోన్లో నయాగరా ఫొటోలు ఉండే తీరతాయి. అంత నీరు ఎక్కడి నుంచి వస్తోంది, కింద పడ్డాక ఎటు పోతోంది? ఇవాళ ఆ నీటి వెంటే వెళ్దాం.

సుపీరియర్, మిషిగన్, హ్యూరన్, ఈరీ, ఒంటారియో: ఈ ఐదు సరస్సులే గ్రేట్ లేక్స్. అన్నీ కలిపితే దాదాపు 2,44,000 చదరపు కిలోమీటర్లు, అంటే మన రెండు తెలుగు రాష్ట్రాల విస్తీర్ణానికి కాస్త తక్కువ, అదంతా మంచినీళ్లే.

[గ్రాఫిక్: సరస్సులు పక్క నుంచి, ఎత్తుల వారీగా]

ఇప్పుడు పక్క నుంచి చూడండి, మెట్లలా కనిపిస్తాయి. పై మెట్టు సుపీరియర్, సముద్రమట్టానికి 183 మీటర్ల ఎత్తు, గరిష్ఠ లోతు 406 మీటర్లు. మిగతా నాలుగింటి నీళ్లూ తెచ్చి పోసినా ఇందులో పట్టేస్తాయి! ఇందులోకి చేరిన నీరు బయటపడటానికి సగటున 190 ఏళ్లు పడుతుంది. అక్కడి నుంచి సెయింట్ మేరీస్ నది మీదుగా 176 మీటర్ల ఎత్తున్న హ్యూరన్‌లోకి దిగుతుంది. మిషిగన్, హ్యూరన్ మ్యాకినా జలసంధి దగ్గర కలిసే ఉంటాయి, నీటిమట్టం కూడా ఒకటే, కాబట్టి నీటి లెక్కలో అవి ఒకే సరస్సు.

తర్వాత ఈరీ. నాకైతే ఐదింట్లో ఇదే ఇష్టం. సగటు లోతు 19 మీటర్లే, అందుకే గాలి చెప్పినట్టు వింటుంది. నైరుతి గాలి గట్టిగా వీచిందంటే నీరంతా తూర్పు చివరనున్న బఫెలో నగరం వైపు తోసుకుపోతుంది, పడమటి చివర టొలీడో నగరం ఒడ్డున అడుగునున్న బురద బయటపడుతుంది, అదే సమయంలో దాదాపు 400 కిలోమీటర్ల అవతల బఫెలోలో నీళ్లు గట్టెక్కుతాయి. రెండు చివర్ల మధ్య తేడా రెండు మీటర్లు దాటిన రోజులున్నాయి. గాలి ఆగగానే ఆ నీరు వెనక్కి వచ్చి, మళ్ళీ ముందుకెళ్లి, గంటల తరబడి ఊగుతూనే ఉంటుంది. దీన్ని సేష్ అంటారు.

ఈరీ 174 మీటర్లలో ఉంటే ఒంటారియో 75 మీటర్లలో ఉంది. ఆ 99 మీటర్ల దిగుడులో సగానికి పైగా ఒక్క నయాగరా దగ్గరే జరుగుతుంది. మరి ఓడల సంగతి? పక్కనే 43 కిలోమీటర్ల వెలండ్ కాలువ ఉంది, గోదావరి కాలువల మీద చూసిన లాకులే అక్కడ పెద్ద ఎత్తున ఎనిమిది, వాటితో ఓడల్ని ఎక్కిస్తారు, దించుతారు. ఒంటారియో దాటాక సెయింట్ లారెన్స్ నది, ఆపైన అట్లాంటిక్.

[యానిమేషన్: మంచు పలక వెనక్కి తగ్గడం]

ఈ గుంటలు తవ్వింది మంచుయుగం నాటి మంచు పలకలు. అవి కరుగుతూ ఉత్తరానికి తగ్గినకొద్దీ ఆ గుంటలు నిండాయి. వానా, మంచూ, వాగులూ కలిసి ఏటా కొత్తగా నింపేది ఒక శాతం మాత్రమే, మిగతాదంతా పాత నిల్వ. ఇన్ని నీళ్లున్నాయి కదా, కొన్ని వేరే ప్రాంతాలకు పంపితే ఏం పోతుంది అని కొందరు తేలిగ్గా అనేస్తుంటారు. ఆ ఒక్క శాతం గుర్తుంటే అలా అనరు. 2008లో అమలులోకి వచ్చిన ఎనిమిది రాష్ట్రాల ఒప్పందం, ఈ పరీవాహక ప్రాంతం బయటికి నీళ్లు తరలించడాన్ని దాదాపు నిషేధించింది, చాలా మంచి పని చేశారు.

ఈసారి నయాగరా వెళ్తే, జలపాతం దగ్గరే ఆగిపోకుండా దిగువకు 11 కిలోమీటర్లు, క్వీన్‌స్టన్ దాకా వెళ్ళండి. సుమారు 12,000 ఏళ్ల క్రితం జలపాతం మొదలైంది అక్కడే. నీళ్లు రాతిని కోసుకుంటూ దాన్ని ఇప్పుడున్న చోటికి జరిపాయి, దారిలో మీకు కనిపించే ఆ లోతైన లోయ అంతా అలా ఏర్పడిందే.