మైనస్ 53 అంటోంది, ఫోటోలు రావడం లేదు

యాంకర్: తెనాలి నుంచి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు లైన్లో ఉన్నారు. నమస్కారం మాస్టారూ, చెప్పండి.

కాలర్: నమస్కారమమ్మా. మా అబ్బాయి పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ లాంటిదే, ఉబుంటు అనే లినక్స్, కొత్తది వేసిచ్చాడు. బాగానే నడుస్తోంది. మొన్న మనవరాలి అన్నప్రాసన ఫోటోలు కెమెరాతో తీశాను. అవి ఇందులోకి ఎక్కడం లేదు. కెమెరాతో ఇచ్చిన సీడీ పెట్టినా లాభం లేదు.

నిపుణుడు: ఆ సీడీ విండోస్ కోసం చేసింది మాస్టారూ, మనకు దాంతో పని లేదు. కేబుల్ పెడితే ఏమవుతోంది?

కాలర్: ముందు సెల్ ఛార్జర్ కేబుల్ పెట్టాను. ఉలుకూ పలుకూ లేదు. తర్వాత కెమెరా పెట్టెలో ఉన్నది వెతికి పెడితే ఎడమ పక్కన కెమెరా పేరు వచ్చింది. తీరా ఫోటోల ప్రోగ్రాం షాట్‌వెల్ తెరిస్తే, యూఎస్‌బీ డివైస్‌ని క్లెయిమ్ చేయలేకపోయామని, మైనస్ 53 అని ఏదో అంటోంది. లెక్కలోడిని కదా, నంబరు గుర్తుండిపోయింది.

నిపుణుడు: కొన్ని ఛార్జింగ్ కేబుళ్లలో కరెంటు తీగలే ఉంటాయి, డేటా తీగలుండవు. మొదటి దాని సంగతి అదే. ఇక మైనస్ 53. మీరు మాతో మాట్లాడుతున్నంతసేపు ఈ నంబరుకి ఇంకొకరు చేస్తే ఎంగేజ్ వస్తుంది కదా? కెమెరా కూడా ఒకసారి ఒక్కరితోనే మాట్లాడుతుంది. కేబుల్ పెట్టగానే ఫైల్స్ ప్రోగ్రాం దాన్ని పట్టేసుకుంది. షాట్‌వెల్‌కి లైను దొరకలేదు. ఫైల్స్‌లో కెమెరా పేరు పక్కనున్న ఎజెక్ట్ గుర్తు నొక్కండి. కేబుల్ మాత్రం పీకకండి.

కాలర్: ఉండు బాబూ, ముందే పెట్టుకుని కూర్చున్నా... నొక్కాను.

నిపుణుడు: ఇప్పుడు షాట్‌వెల్‌లో కెమెరా పేరు నొక్కండి.

కాలర్: ఆ... వస్తున్నాయి, వస్తున్నాయి! ఇదిగో, పుస్తకం, కలం పక్కకి తోసేసి బంగారు గొలుసు పట్టుకుంది. మాస్టారి మనవరాలు!

యాంకర్: (నవ్వుతూ) తెలివైన పిల్లే మాస్టారూ.

నిపుణుడు: ఇంపోర్ట్ ఆల్ నొక్కి వదిలేయండి, కాసేపు పడుతుంది.

కాలర్: ఈలోపు ఇంకో అనుమానం. కేబుల్ గొడవెందుకు, కార్డు తీసి పెట్టుకోమంటాడు మా అల్లుడు.

నిపుణుడు: నేనూ అదే చెబుతాను. కార్డ్ రీడర్ ఒకటి కొనుక్కోండి, ఎంగేజ్ గొడవే ఉండదు, కెమెరా బ్యాటరీ మధ్యలో అయిపోతుందన్న టెన్షన్ ఉండదు. కార్డు పెన్‌డ్రైవ్ లాగా తెరుచుకుంటుంది. అందులో డీసీఐఎం అనే ఫోల్డర్‌ని కాపీ చేసుకోవడమే. కట్ కాదు, కాపీ. పెద్ద ఎస్‌డీ కార్డుకి పక్కన బుల్లి మీట ఉంటుంది, దాన్ని లాక్ వైపు జరిపి పెడితే పొరపాటున కూడా చెరిగిపోవు. మళ్లీ కెమెరాలో పెట్టేముందు వెనక్కి జరపండి, లేకపోతే ఫోటో తీయనివ్వదు.

కాలర్: అల్లుడు 64 జీబీ కార్డు తెస్తానన్నాడు. పడుతుందా?

నిపుణుడు: పడుతుంది. 64, ఆపైన కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే, ఫైళ్లు అమర్చుకునే పద్ధతిలో వస్తాయి. లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌లోకి అది 2019లో, 5.4 వెర్షన్‌తో చేరింది. అంతకుముందువైతే విడిగా ఒక ప్యాకేజీ వేసుకోవాలి. మీ అబ్బాయి వేసింది కొత్తదే కాబట్టి ఇబ్బంది లేదు. ఒకవేళ తెరుచుకోక, ఫార్మాట్ చేయమంటావా అని ఎక్కడైనా అడిగితే మాత్రం ఒప్పుకోకండి.

కాలర్: బాబూ, ఇంపోర్ట్ అయిపోయింది. కెమెరాలోవి తీసేయనా, ఉంచనా అని అడుగుతోంది.

నిపుణుడు: ఉంచండి, ఉంచండి! కీప్ నొక్కండి. కంప్యూటర్లో నాలుగు ఫోటోలు పెద్దవి చేసి చూసుకుని, పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ వేశాకే తీసేద్దురుగాని.

కాలర్: నొక్కాను. కీప్.