గుడి పని అయ్యగారి పని కాదు

(అమెరికాలో స్థిరపడిన తెలుగు క్రైస్తవ కుటుంబాల కూడికలో చేసిన ప్రసంగం)

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

ఎపిస్కోపల్ సంఘాల్లో జీతం లేకుండా జరిగే పరిచర్యల గురించి మాట్లాడమన్నారు. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో చాలామంది సీఎస్ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, నుంచి వచ్చినవాళ్ళే. ఇంటికి దగ్గర్లో ఎపిస్కోపల్ గుడి ఉందని వెళ్ళి, ఆరాధన క్రమం మనదానిలాగే ఉందని అక్కడే చేరిపోయినవాళ్ళు. అమెరికాలోని ఎపిస్కోపల్ సంఘంలాగే సీఎస్ఐ కూడా, ఇంగ్లండు సంఘంతో ముడిపడిన ఆంగ్లికన్ కమ్యూనియన్‌లో సభ్యసంఘమే కాబట్టి రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్ల దగ్గర మనల్ని ఎవరూ ఆపరు. ఆరాధన అయ్యేవరకూ బాగానే ఉంటుంది. ఆ తర్వాతే టెన్షన్. ఒక పెద్దావిడ కాగితం, పెన్ను పట్టుకుని నవ్వుతూ వచ్చి, "వచ్చే నెల కాఫీ అవర్‌కి మీ పేరు రాయనా?" అంటుంది. ఆరాధన తర్వాత అందరికీ కాఫీ ఇచ్చే పని అన్నమాట. మనం కూడా నవ్వి, "చూసి చెప్తామండీ" అని కారు తాళాలు తీస్తాం.

బద్ధకం వల్ల అని నేను అనను. మన అలవాటు అలాంటిది. మన ఊళ్ళో గుడి సంగతి చూసుకోవడానికి అయ్యగారు ఉంటారు, ఉపదేశి ఉంటాడు, గంట కొట్టే మనిషి ఉంటాడు, కమిటీ ఉంటుంది. ఎన్నికలప్పుడు ఆ కమిటీలోకి రావడానికి ఎంత పోటీయో మీకు నేను చెప్పాలా! మనం వెళ్తాం, కూర్చుంటాం, కానుక వేస్తాం, వస్తాం. ఇక్కడ అలా కుదరదు. ఎపిస్కోపల్ సంఘం 1979 ప్రార్థనా పుస్తకం చివర్లో ప్రశ్నోత్తరాల భాగం ఉంది. సంఘానికి పరిచారకులెవరు అన్న ప్రశ్నకి అక్కడిచ్చిన జవాబులో ముందు వచ్చేది సామాన్య విశ్వాసులు. బిషప్పులు, ప్రీస్టులు (మన అయ్యగార్లు), డీకన్లు ఆ తర్వాతే. అంటే కాఫీ కలిపే మనిషి ప్రీస్టు గారికి సాయం చేయడం లేదు. తన పని తాను చేస్తోంది.

దీని వెనక చరిత్ర ఉంది. ఇంగ్లండు పాలనలో అమెరికా వలసలకి ఆంగ్లికన్ బిషప్పే లేడు. ఎవరైనా ప్రీస్టు కావాలంటే ఓడెక్కి అట్లాంటిక్ దాటి లండన్ వెళ్ళాలి. ప్రీస్టులు కరువు. దాంతో గుళ్ళ బాధ్యత ఊళ్ళోవాళ్ళ మీదే పడింది. వెస్ట్రీ అనే పెద్దల సభ అలా బలపడింది. 1784లో సామ్యూల్ సీబరీ స్కాట్లండులో అభిషేకం పొంది మొదటి అమెరికన్ బిషప్పు అయ్యేనాటికి, బిషప్పు లేకుండా సంఘం నడపడం వీళ్ళకి బాగా అలవాటైపోయింది. ఈనాటికీ బిషప్పుని ఎన్నుకునే సభలో సామాన్య విశ్వాసులకి ఓటుంది. రెక్టర్‌ని, అంటే గుడి బాధ్యత చూసే ప్రీస్టుని, పిలుచుకునేది వెస్ట్రీయే.

ఇక వారం వారం జరిగే పని. బైబిలు పాఠాలు చదివేవాళ్ళు, సిలువ మోసే పిల్లలు, క్వయర్, గుమ్మం దగ్గర నిలబడేవాళ్ళు మీకు కనిపిస్తూనే ఉంటారు. కనిపించనివాళ్ళ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను.

ఆల్టర్ గిల్డ్ అని ఒక బృందం ఉంటుంది. చాలా గుళ్ళలో వీళ్ళు శనివారం పొద్దున వస్తారు. బల్ల మీద తెల్లటి గుడ్డ ముడత లేకుండా పరుస్తారు. గిన్నె, పళ్ళెం తుడుస్తారు. ఆ కాలానికి తగిన రంగు వస్త్రాలు మారుస్తారు, కొవ్వొత్తులు చూస్తారు. ఆరాధన అయ్యాక గిన్నె తుడిచిన గుడ్డల్ని మామూలు బట్టలతో కలిపి మెషీన్‌లో వేసేయరు. ముందు విడిగా నీళ్ళలో జాడిస్తారు. ద్రాక్షరసం కలిసిన ఆ నీళ్ళని మురుగుకాలవలోకి పోనివ్వకుండా మట్టిలో పోస్తారు. కొన్ని గుళ్ళలో నేరుగా మట్టిలోకి దిగే తొట్టె ఒకటి ప్రత్యేకంగా ఉంటుంది. తర్వాత ఇస్త్రీ. వీళ్ళని బాగా విసిగించేది లిప్‌స్టిక్ మరక. తెల్ల గుడ్డ మీద నుంచి ఓ పట్టాన వదలదు! బల్ల అంటే భక్తి అని మనం తరచూ అంటాం. ఆ భక్తికి ఎంత చాకిరీ అవుతుందో తెలియాలంటే ఒక్క శనివారం వీళ్ళతో నిలబడితే చాలు.

రెండోది, నాకు అన్నిటికంటే ఇష్టమైన పరిచర్య. మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకి, నర్సింగ్ హోములకి ప్రభువు బల్ల తీసుకువెళ్ళేవాళ్ళు. వీళ్ళు ప్రీస్టులు కారు. శిక్షణ తీసుకుని, బిషప్పు దగ్గర లైసెన్సు పొందిన మామూలు సభ్యులు. ఆదివారం ఆరాధన చివర్లో వాళ్ళని ముందుకు పిలిచి, చిన్న పెట్టెలో రొట్టె, ద్రాక్షరసం పెట్టి చేతికిస్తారు. సంఘమంతా చూస్తుండగా పంపుతారు. వాళ్ళు నేరుగా ఆ ఇంటికి వెళ్తారు. అందువల్ల గుడికి రాలేని ముసలాయన కూడా ఆ ఆదివారం మిగతావాళ్ళు తిన్న రొట్టెలోంచే తింటాడు. ఊళ్ళో అమ్మానాన్నలని వదిలి వచ్చిన మనకి ఇది చేయడం ఎవరూ నేర్పనక్కర్లేదు.

డబ్బు లెక్క సంగతి క్లుప్తంగా చెప్తాను. కానుకని ఒక్క మనిషి లెక్కపెట్టకూడదు. బంధుత్వం లేని ఇద్దరు కలిసి లెక్కపెట్టాలి. ఏటా ఆడిట్ ఉంటుంది, వార్షిక సభలో లెక్కలు అందరి ముందూ పెడతారు. పిల్లలతో పనిచేయాలంటే ముందు సేఫ్ చర్చ్ ట్రైనింగ్ తీసుకోవాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అవ్వాలి. "నన్నే అనుమానిస్తారా?" అని మనవాళ్ళు కొందరు నొచ్చుకుంటారు. మిమ్మల్ని కాదండీ, అందరినీ. రెక్టర్‌కి కూడా ఇదే రూలు.

గుడి గోడల బయటికి వద్దాం. 1793లో ఫిలడెల్ఫియాలో పచ్చజ్వరం వచ్చి వేలమంది చనిపోయారు. పారిపోగలిగినవాళ్ళు ఊరొదిలి పారిపోయారు. బానిసగా పుట్టి తర్వాత స్వేచ్ఛ పొందిన అబ్సలోమ్ జోన్స్, ఆయన మిత్రుడు రిచర్డ్ అలెన్ తమ నల్లజాతి సహాయ సంఘంతో కలిసి రోగులకి సేవ చేశారు, శవాలని పాతిపెట్టారు. నల్లవాళ్ళకి ఈ జ్వరం రాదని అప్పట్లో ఒక తప్పు నమ్మకం ఉండేది. వచ్చింది. వాళ్ళలోనూ చాలామంది పోయారు. పైగా దోచుకున్నారని నింద వేస్తే, దానికి జవాబుగా వాళ్ళు ఒక పుస్తకం అచ్చువేయాల్సి వచ్చింది. 1794లో జోన్స్ నాయకత్వంలో సెయింట్ థామస్ ఆఫ్రికన్ ఎపిస్కోపల్ సంఘం మొదలైంది. తర్వాత ఆయన ఎపిస్కోపల్ సంఘంలో మొదటి నల్లజాతి ప్రీస్టు అయ్యాడు. అయినా ఆ సంఘానికి డయోసిస్ (బిషప్పు కింద ఉండే సంఘాలన్నిటి) సభలో చోటు మాత్రం దశాబ్దాల పాటు దక్కలేదు. సేవ చేయించుకుని కుర్చీ ఇవ్వకపోవడం మనకి తెలియని విషయం కాదు.

ఆడవాళ్ళ విషయంలోనూ అంతే. 1889లో ఎపిస్కోపల్ స్త్రీలు కృతజ్ఞత కానుక మొదలుపెట్టారు. దేవునికి థాంక్స్ చెప్పాలనిపించినప్పుడల్లా ఇంట్లో ఉన్న చిన్న డబ్బాలో ఒక నాణెం వేయడం. ఇప్పటికీ ఆ నీలం డబ్బాలు చూస్తాం. మన పల్లె సంఘాల్లో వంటకి బియ్యం తీసేటప్పుడు అమ్మలు గుప్పెడు పక్కన పెట్టేవాళ్ళే, ఆ పద్ధతే. మొదటి ఏడు వచ్చిన డబ్బుతో అలాస్కాలోని ఆన్విక్‌లో గుడి కట్టారు, జపాన్‌కి ఒక మిషనరీని పంపారు. కానీ జాతీయ మహాసభలో ప్రతినిధులుగా కూర్చునే హక్కు స్త్రీలకి స్థిరపడింది 1970లో. ఎనభై ఒక్క ఏళ్ళు!

న్యూయార్క్‌లో హోలీ అపోసిల్స్ అనే గుడి ఉంది. 1982లో ఆకలిగొన్నవాళ్ళకి భోజనం పెట్టడం మొదలుపెట్టారు. 1990లో గుడి కాలిపోయింది, భోజనం ఆగలేదు. మళ్ళీ బాగుచేసినప్పుడు పాత బెంచీలు తిరిగి బిగించలేదు. ఆరాధన జరిగే హాల్లోనే బల్లలు వేసి వడ్డించారు. రోజుకి వెయ్యిమంది దాకా తిన్న రోజులున్నాయి. వడ్డించేవాళ్ళలో క్రైస్తవులు కానివాళ్ళూ ఉంటారు.

ఇదంతా తెల్లవాళ్ళ పద్ధతి, మనకి కొత్త అంటారా? 1912లో అజరయ్య గారు దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందారు. భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్పు. బాప్తిస్మం తీసుకున్న ప్రతివాళ్ళ చేత ఆయన, ఎవరి తలమీద వాళ్ళ చెయ్యే పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పలికించేవారు. చదువు రాని కూలీలు, మాల మాదిగ పల్లెల ఆడవాళ్ళు సాక్ష్యపు వారంలో పక్క ఊళ్ళకి నడిచి వెళ్ళేవాళ్ళు. వాళ్ళెవరికీ జీతం లేదు. మన తాత ముత్తాతలు కొందరు వాళ్ళలో ఉన్నారు. గుడి పని అయ్యగారికి అప్పగించి కూర్చోవడం మనకి తర్వాత వచ్చిన అలవాటు.

ఎపిస్కోపల్ సంఘాల్లో లోపాలు లేవని కాదు. "ఎప్పుడూ అదే పదిమంది" అన్నది ఇక్కడి గుళ్ళలో పాత జోకు. వంటగది బీరువా తాళం ఇరవై ఏళ్ళుగా ఒకరి దగ్గరే ఉంటుంది. కొత్తవాళ్ళు గరిటె తప్పు సొరుగులో పెడితే మొహం చిట్లిస్తారు. ఆల్టర్ గిల్డ్‌లో అందరికీ డెబ్బై దాటినా కొత్తవాళ్ళకి నేర్పరు. ఇంకోపక్క, కొత్తగా వచ్చిన ఉత్సాహవంతుడి మీద నాలుగు పనులు పడేస్తారు, ఏడాదిలో అతను గుడే మానేస్తాడు. వెస్ట్రీలో సాధారణంగా మూడేళ్ళ గడువు ఉంటుంది, ఏటా కొంతమంది దిగిపోతారు. అలాంటి గడువు అన్ని పనులకీ ఉండాలని నా అభిప్రాయం. పని వదిలిపెట్టడం కూడా మర్యాదగా జరగాలి కదా.

కాబట్టి ఒకే ఒక్క పని తీసుకోండి. "ఎన్నాళ్ళు చేయాలి?" అని ముందే అడగండి. రెండో పని ఇవ్వబోతే ఇప్పుడు కుదరదని చెప్పేయండి, ఎవరూ తప్పు పట్టరు. రాత్రి షిఫ్టులు చేసే నర్సులు మనలో చాలామంది ఉన్నారు. ఆదివారం పొద్దున నిద్ర మానుకుని వచ్చి నిలబడాల్సిన పనికి పేరివ్వకండి, గుడి ఈమెయిళ్ళు చూసే పనో, ఫోను చేసి పలకరించే పనో అడగండి.

యాస గురించి మీరు అడుగుతారని తెలుసు. గుడిలో చదవాల్సిన బైబిలు పాఠం ఏదో వారం ముందే తెలుస్తుంది. ఇంట్లో రెండుసార్లు పైకి చదువుకోండి. ఆ పాత నిబంధన పేర్లు వాళ్ళకీ నోరు తిరగవు. మన పిల్లలు ముందు వరసలో కూర్చుని వింటుంటే, అమ్మ గొంతు మైకులో వినబడటం వాళ్ళకి గొప్పగానే ఉంటుంది.

ఇక మీ ప్రశ్నలు అడగండి.