టెన్షన్ గుండె మీద ఎలా పడుతుంది? ఇంట్లో బీపీ సరిగ్గా చూసుకోవడం ఎలా?

[తెరపై: శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కూలిన కొబ్బరిచెట్లు]

వాయిస్: 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి గాలి హోరుకు గుండె దడదడలాడడం ఒక రకం ఒత్తిడి. పడిపోయిన చెట్ల చోట కొత్త మొక్కలు కాపుకొచ్చేదాకా ఏళ్లతరబడి అప్పు మోయడం ఇంకో రకం. గుండెకు ఈ రెండూ వేర్వేరు దారుల్లో చేటు చేస్తాయి.

[యానిమేషన్: కిడ్నీల పైనున్న అడ్రినల్ గ్రంథులు]

భయపడగానే ఈ గ్రంథుల నుంచి అడ్రినలిన్ అనే హార్మోన్ రక్తంలోకి వస్తుంది. గుండె వేగం పెరిగి, రక్తనాళాలు బిగిసి, బీపీ లేస్తుంది. ఆరోగ్యవంతులకు కాసేపటికి సర్దుకుంటుంది. గుండె రక్తనాళాల్లో ముందే కొవ్వు పేరుకున్నవాళ్లకు ఆ పూడిక చిట్లి, అక్కడ రక్తం గడ్డకట్టి గుండెపోటు రావచ్చు. పూడిక లేకపోయినా, పెద్ద దుఃఖం తర్వాత గుండె కండరం ఉన్నట్టుండి బలహీనపడే జబ్బు ఒకటుంది. దాని పేరు టాకోత్సుబో, 1990లో జపాన్ వైద్యులు వివరించారు. ముట్లు ఆగిన ఆడవాళ్లలో ఎక్కువ. చాలామంది కొన్ని వారాల్లో కోలుకుంటారు.

రోజూ ఉండే దిగులు మెల్లగా పనిచేస్తుంది. కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ ఎక్కువై బీపీ, షుగరు పెరుగుతాయి, నిద్ర పోతుంది. అలవాట్లు ముదురుతాయి. శ్రీకాకుళం పల్లెల్లో అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే పెద్దమ్మలు "చుట్ట కాలిస్తే మనసు నిమ్మళంగా ఉంటాది" అంటారు. అమ్మా, ఆ నికోటిన్ మీ గుండె వేగాన్నీ బీపీనీ పెంచుతోంది. తీరేది చుట్ట లేక పుట్టిన చిరాకు మాత్రమే.

[తెరపై: బీపీ మిషన్, కుర్చీ, బల్ల]

బీపీ చూసే ముందు అరగంట టీ, చుట్ట వద్దు. మూత్రానికి వెళ్లి రండి. వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. చెయ్యి బల్ల మీద, పట్టీ గుండె ఎత్తులో, చొక్కా మీద కాకుండా చర్మం మీదే ఉండాలి. పట్టీ చిన్నదైనా, చెయ్యి గాల్లో వేలాడినా అంకె ఎక్కువ చూపిస్తుంది. నిమిషం తేడాతో రెండుసార్లు, ఉదయం, సాయంత్రం, 7 రోజులు రాయండి. మొదటి రోజు వదిలేసి మిగతావాటి సగటు తీయండి. 135/85 లేదా అంతకు మించితే ఆ కాగితంతోనే డాక్టర్‌ని కలవండి. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం వాళ్లకు ఇది ఇంకా ముఖ్యం: ఆ జబ్బుంటే బీపీ దాన్ని వేగంగా ముదరబెడుతుంది. ఒళ్లునొప్పులకు షాపులో అడిగి కొనుక్కునే నొప్పిమాత్రలు బీపీనీ పెంచుతాయి, కిడ్నీనీ దెబ్బతీస్తాయి.

గాబరాగా ఉన్నప్పుడు 4 సెకన్లు గాలి పీల్చి, 6 సెకన్లు వదలండి. అలా 5 నిమిషాలు చేస్తే దడ నెమ్మదిస్తుంది. బీపీ మాత్ర మాత్రం మానకండి.

[తెరపై: 108]

ఛాతీ నొక్కేసినట్టున్నా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా "టెన్షన్‌లే, గేస్‌లే" అనుకుని పడుకోవద్దు. గాబరా దడకూ గుండెపోటుకూ తేడా ఇంట్లో తేల్చడం కుదరదు. వెంటనే 108కి ఫోన్ చేయండి, బండి తోలుకుంటూ వెళ్లకండి. మొదటి ఈసీజీ బాగానే ఉందన్నా నొప్పి తగ్గకపోతే ఇంటికి వచ్చేయకండి. మళ్లీ ఈసీజీ, గుండె కండరం దెబ్బతిందో లేదో చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష చేయమని అడగండి.