పాత ఆల్ వీల్ డ్రైవ్ కారు కొంటున్నారా? మొదట వెనక ఇరుసునే చూడండి

(విజయవాడ స్టూడియోలో జరిగిన చర్చా కార్యక్రమానికి అక్షరరూపం. పాల్గొన్నవారు: ఆటోనగర్ మెకానిక్, గుంటూరులో ఇంజన్ ట్యూనింగ్ చేసే ఇంజనీరు, వాహన బీమా సర్వేయర్.)

వ్యాఖ్యాత: నమస్కారం. హైదరాబాదులోనో బెంగళూరులోనో అయిదారేళ్లు తిరిగిన ఫోక్స్‌వ్యాగన్ టిగువాన్, స్కోడా కోడియాక్, మెర్సిడెస్ సీఎల్ఏ 45, బీఎండబ్ల్యూ ఎం340ఐ లాంటి బళ్లు సగం ధరకే దొరుకుతున్నాయని మనవాళ్లు తెచ్చుకుంటున్నారు. మాస్టారూ, ఇలాంటి బండి షెడ్డుకి వస్తే మీ చెయ్యి మొదట ఎక్కడికి వెళ్తుంది?

మెకానిక్: బానెట్ ఎత్తనమ్మా. లిఫ్టు మీద పెట్టి వెనక్కి వెళ్తాను. నాలుగు చక్రాలకీ పవరు వెళ్తుందని అందరూ చెబుతారు గానీ, అది వెళ్లే దారి అన్ని బళ్లలో ఒకటి కాదు. టిగువాన్, కోడియాక్, సీఎల్ఏ 45ల్లో ఇంజను అడ్డంగా ఉంటుంది. మామూలుగా ముందు చక్రాలే లాగుతాయి. వెనక డిఫరెన్షియల్, అంటే ఎడమ కుడి చక్రాలకి పవరు పంచే గేర్ల పెట్టె, దగ్గర క్లచ్ ప్లేట్ల కప్లింగు ఒకటి ఉంటుంది, అది బిగిసినప్పుడే వెనక చక్రాలకి పవరు వస్తుంది. ఎక్స్‌డ్రైవ్ అని పిలిచే బీఎండబ్ల్యూ పద్ధతిలో వెనక చక్రాలదే పెద్ద పని. గేర్‌బాక్స్ వెనకున్న ట్రాన్స్‌ఫర్ కేసు ముందుకి పంచుతుంది. ఒకప్పుడు షెవర్లే పేరుతో అమ్మిన ఫారెస్టర్ అసలు సుబారు బండి. దాని మాన్యువల్ గేర్‌బాక్సు మోడల్లో మధ్య డిఫరెన్షియల్ ఎప్పుడూ పనిలోనే ఉంటుంది. ఏ బండిలో ఏ పద్ధతి ఉందో తెలుసుకోకుండా బేరం మొదలుపెట్టకూడదు.

వ్యాఖ్యాత: టిగువాన్, కోడియాక్‌లు ఎక్కువ కాబట్టి ఆ కప్లింగు సంగతి వివరంగా చెప్పండి.

మెకానిక్: దాన్ని హాల్డెక్స్ అంటాం. ఈ బళ్లలో ఉన్నది అయిదో తరంది. నాలుగో తరంలో మార్చుకునే ఫిల్టరు ఉండేది, ఇందులో తీసేశారు. పంపు మూతికి సన్నటి జల్లెడ మాత్రం ఉంటుంది. క్లచ్ ప్లేట్లు అరిగిన పొడి ఆయిల్లో కలిసి మడ్డిలా ఆ జల్లెడకి పడుతుంది. పంపు ఆయిల్ పీల్చలేక ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడెక్కుతుంది, కొన్నాళ్లకి మోటారు కాలిపోతుంది. అప్పుడు అది ఫ్రంట్ వీల్ డ్రైవ్ బండే. చాలాసార్లు డాష్‌బోర్డు మీద లైటు కూడా వెలగదు. ఓనరుకి తెలియకుండానే ఏళ్లు తిరుగుతుంది.

కంపెనీ షెడ్యూలు మూడేళ్లకి ఆయిల్ మార్చమంటుంది, జల్లెడ ఊసెత్తదు. ఒట్టి ఆయిల్ మార్చి పంపిస్తే సగం పని చేసినట్టే. మూడేళ్లకో 30,000 కిలోమీటర్లకో, ఏది ముందైతే అప్పుడు పంపు దించి జల్లెడ కడగాలి.

వ్యాఖ్యాత: ఆ పని వరసగా చెప్పండి, చూసేవాళ్లు రాసుకుంటారు.

మెకానిక్: బండి లిఫ్టు మీద నాలుగువైపులా సమంగా ఉండాలి. ముందు, నింపే ప్లగ్గు వదులవుతోందో లేదో చూసుకోండి. అది బిగుసుకుపోయి ఉండగా కింద ప్లగ్గు తీసి ఆయిల్ వదిలేస్తే ఇక బండి కదలదు. ఆయిల్ దిగాక పంపు కనెక్టరు ఊడదీసి, దాని రెండు బోల్టులు విప్పి పంపును నెమ్మదిగా లాగాలి. ఆ మూలంతా మట్టి ఉంటుంది, కంప్రెసర్ గాలితో ముందే శుభ్రం చేయకపోతే లోపలికి పోతుంది. జల్లెడ తీసి బ్రేక్ క్లీనరుతో కడగాలి, వైరు బ్రష్షు పెడితే చిరుగుతుంది. ఓ-రింగులు కొత్తవి వెయ్యాలి. కేసింగు అల్యూమినియం కాబట్టి చేతి అంచనాతో బిగించకుండా టార్క్ రెంచి వాడాలి. ఆయిల్ పార్టు నంబరు జీ 060 175 ఏ2. సీసా 850 మిల్లీలీటర్లు, డ్రెయిన్ చేసి నింపితే 650 దాకా పడుతుంది, అంటే ఒక సీసా చాలు. నింపే రంధ్రం నుంచి సన్నగా కారేదాకా పోసి, ఇంజను స్టార్టు చేసి పంపు తిరగనిచ్చి, మట్టం తగ్గితే మళ్లీ పోసి మూసెయ్యాలి.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు ఇంకోటుంది. వెనక డిఫరెన్షియల్, హాల్డెక్స్ రెండూ పక్కపక్కనే ఉంటాయి. ప్లగ్గులు దగ్గరదగ్గరగా ఉన్నా ఆయిల్ వేరు. హాల్డెక్స్‌లో గేర్ ఆయిల్ పోస్తే క్లచ్ ప్లేట్లు పోయినట్టే. ముందు గేర్‌బాక్స్ పక్కన వెనక్కి పవరు మళ్లించే బెవెల్ బాక్సు ఉంటుంది, దానిది మళ్లీ ఇంకో ఆయిల్. మూడూ వేరువేరుగా బిల్లులో రాయించుకోండి.

వ్యాఖ్యాత: కొనేముందు పంపు బతికుందని ఎలా తెలుసుకోవాలి?

ట్యూనర్: వీసీడీఎస్ లాంటి స్కానరు పెట్టి 22వ అడ్రసు తెరవాలి, అదే ఆల్ వీల్ డ్రైవ్ కంట్రోలరు. పంపు ఫాల్టు కోడు ఉంటే అక్కడే తేలిపోతుంది. కోడు లేకపోయినా నమ్మొద్దు. వదులు మట్టి మీదో సన్న కంకర మీదో బండి ఆపి, స్టీరింగు నిటారుగా పెట్టి, ఒక్కసారిగా యాక్సిలరేటరు తొక్కండి. ముందు చక్రాలు గీరుకుంటూ మట్టి చిమ్మితే వెనక పవరు రావడం లేదని అర్థం. బాగున్న బండి అలా చెయ్యదు, అడుగు వేసినట్టు కదులుతుంది.

వ్యాఖ్యాత: టైర్ల విషయంలో నాలుగూ ఒకటే ఉండాలంటారు. ఒకటి పగిలితే నాలుగూ మార్చాలా? ఖర్చు మాటలు కాదు కదా.

ట్యూనర్: లెక్క చూద్దాం మేడం. టిగువాన్‌కి 235/55 ఆర్18 టైరు. వ్యాసం దాదాపు 716 మిల్లీమీటర్లు, చుట్టుకొలత 2,248. కొత్త టైరుకి 8 మిల్లీమీటర్ల గాడి ఉందనుకుందాం, పక్కది అరిగి 4కి వచ్చిందనుకుందాం. వ్యాసంలో 8, చుట్టుకొలతలో 25 మిల్లీమీటర్ల తేడా. కిలోమీటరుకి కొత్తది 445 చుట్లు తిరిగితే పాతది 450 తిరుగుతుంది. బెంజ్ సర్కిల్ నుంచి గుంటూరుకి 35 కిలోమీటర్లు వేసుకుంటే 175 చుట్ల తేడా. ముందు జత ఒకలా, వెనక జత ఒకలా ఉంటే ఆ తేడా అంతా కప్లింగు ప్లేట్ల మధ్య జారుడుగా, వేడిగా మారుతుంది.

హాల్డెక్స్ తేలికగా నడిచేటప్పుడు వదులుగా ఉంటుంది కాబట్టి కొంత ఓర్చుకుంటుంది. ఫారెస్టర్‌లో చిక్కటి ద్రవంతో పనిచేసే విస్కస్ కప్లింగు, ఎక్స్‌డ్రైవ్ ట్రాన్స్‌ఫర్ కేసు అంత ఓర్చుకోవు. ఎక్స్‌డ్రైవ్ బండి నెమ్మదిగా వేగం పుంజుకునేటప్పుడు స్పీడ్ బ్రేకర్ గీతల మీద వెళ్తున్నట్టు వణికితే మొదట టైర్లు కొలవండి. ఆ తర్వాత ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిల్ మార్చి, స్కానరుతో అడాప్టేషన్ రీసెట్ (కంప్యూటరు నేర్చుకున్న పాత లెక్కలు చెరపడం) చేయించండి. కేసు మార్చాలన్న మాట ఆఖర్న.

మెకానిక్: నాలుగూ ఒకే కంపెనీ, ఒకే మోడలు ఉండాలి, గాడి తేడా 2 మిల్లీమీటర్లు దాటకూడదు. ఒక టైరు పక్కగోడ కోసుకుపోతే, మిగతావి సగం పైగా అరిగుంటే నాలుగూ మార్చడమే. తక్కువ అరిగుంటే అదే మోడలు, అదే అరుగుదల ఉన్న వాడిన టైరు వెతకొచ్చు. ముందువి త్వరగా అరుగుతాయి కాబట్టి 8,000 కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మారిస్తే ఈ బాధ సగం తప్పుతుంది. సన్న స్టెప్నీ వేసుకుని ఊళ్లు తిరగొద్దు, పంక్చరు షాపు దాకానే.

వ్యాఖ్యాత: సార్, ఇప్పుడు మన ఊరి సంగతి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ నీళ్లలో నానిన బళ్లు ఇప్పుడు మార్కెట్లో ఉండవా?

సర్వేయర్: ఉంటాయమ్మా. ఇక్కడివి వేరే ఊళ్లకి వెళ్తాయి, వేరే ఊళ్లలో మునిగినవి ఇక్కడికి వస్తాయి. సీట్లు, కార్పెట్లు మార్చి పాలిష్ పెడితే పైకి ఏమీ కనిపించదు. ఆల్ వీల్ డ్రైవ్ బండికి మామూలు కారు కన్నా దెబ్బ ఎక్కువ. వెనక డిఫరెన్షియల్, బెవెల్ బాక్సు, గేర్‌బాక్సు అన్నిటికీ ఊపిరి గొట్టాలు ఉంటాయి. వేడిగా ఉన్న కేసింగు ఒక్కసారి చల్లని నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని నీళ్లని లోపలికి పీలుస్తుంది. హాల్డెక్స్ కంట్రోల్ యూనిట్ అయితే ఆ కప్లింగుకే అతికి, నేలకి అంత దగ్గర్లో ఉంటుంది.

వ్యాఖ్యాత: కొనేవాడు ఏం చూడాలి?

సర్వేయర్: సీటు బెల్టు చివరిదాకా లాగండి, లోపలి చివర బురద గీత ఉంటే దాచలేరు. స్టెప్నీ గుంటలో మూలలు, సీటు పట్టాల బోల్టులు, స్టీరింగు కింద లోహపు బ్రాకెట్లు తుప్పు పట్టాయేమో చూడండి. వెనక డిఫరెన్షియల్ ప్లగ్గు తీయించి వేలితో ఆయిల్ చూడండి, పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టే. హాల్డెక్స్ కనెక్టరు ఊడదీసి పిన్నులు పచ్చబడ్డాయేమో చూడండి.

కాగితాల్లో దొరికే ఆధారం ఇంకా గట్టిది. అమ్మేవాళ్ల దగ్గర వరసగా మూడేళ్ల బీమా పాలసీలు అడగండి. నో క్లెయిమ్ బోనస్ 20, 25, 35 శాతం అంటూ పెరుగుతూ వచ్చి ఒక ఏడాది సున్నాకి పడిందంటే అంతకుముందు ఏడాది క్లెయిమ్ తీసుకున్నారన్నమాట. ఎందుకు తీసుకున్నారో అడగండి. బోనస్ ప్రొటెక్షన్ యాడ్ ఆన్ ఉన్న పాలసీల్లో ఇది బయటపడదు, అది కూడా గమనించాలి.

వేరే రాష్ట్రం బండి అయితే ఫారం 28 ఎన్ఓసీ (పాత ఆర్టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం) లేకుండా డబ్బు మొత్తం ఇవ్వొద్దు. 12 నెలలు దాటి ఇక్కడ ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి, జీవిత పన్ను ఇక్కడ కట్టాలి. ఆ పన్ను బేరంలో కలుపుకోకుండా ‘చవకగా వచ్చింది’ అనుకుంటున్నారు చాలామంది.

వ్యాఖ్యాత: డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌లతో తనంతట తనే గేర్లు మార్చే గేర్‌బాక్సుల గురించి భయం ఎక్కువ.

మెకానిక్: ఆయిల్లో మునిగే క్లచ్‌లున్న ఆరు గేర్ల డీక్యూ250 అయినా, ఏడు గేర్ల డీక్యూ500 అయినా 60,000 కిలోమీటర్లకి ఆయిల్, ఫిల్టరు మార్చాలి. డీక్యూ250కి సుమారు అయిదు లీటర్లు పడుతుంది. మట్టం చూసేటప్పుడు ఆయిల్ వేడి 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉండాలి. మన ఎండాకాలంలో మధ్యాహ్నం బండి నడుపుకుని వస్తే ఆ వేడికి దిగడానికి గంటలు పడుతుంది. ఆగలేక వేడి మీదే మట్టం చూసేస్తారు, ఆయిల్ ఉబ్బి ఉంటుంది కాబట్టి తక్కువ పడుతుంది. బండి రాత్రే షెడ్డులో వదిలి, పొద్దున్నే మొదటి పనిగా చేయించుకోవాలి.

వ్యాఖ్యాత: ఇక రీమ్యాప్, అంటే ఇంజను కంప్యూటరులోని ఫైలు మార్చి పవరు పెంచడం. కుర్రాళ్లంతా దీనికోసమే చూస్తుంటారు.

ట్యూనర్: 190 హెచ్‌పీ, 320 న్యూటన్ మీటర్లున్న 2.0 టీఎస్ఐ టర్బో పెట్రోలు ఇంజనుకి స్టేజ్ 1, అంటే పార్టులు మార్చకుండా ఫైలు ఒక్కటే వేస్తే టార్కు 400 దగ్గరికి వెళ్తుంది. ఇంజను మోస్తుంది, మిగతాది మోస్తుందా అన్నదే చూడాలి. డీక్యూ250 దాదాపు 350 న్యూటన్ మీటర్లకి చేసిన పెట్టె, డీక్యూ500 అయితే 600కి. ఇంజను ఫైలు ఒక్కటే వేసి గేర్‌బాక్సు ఫైలు వదిలేస్తే క్లచ్ ఒత్తిడి పాతదే ఉంటుంది, క్లచ్‌లు జారి కాలతాయి.

ఇంకోటి, ఫైలు మీ బంకులో వారం వారం దొరికే పెట్రోలుకి రాయించుకోండి. 100 ఆక్టేన్ పెట్రోలు ఎక్స్‌పీ 100 కోసం రాసిన ఫైలుతో మామూలు పెట్రోలు పోస్తే మే నెల ఎండలో నాక్ (పెట్రోలు అదుపు తప్పి అంటుకుని ఇంజను కొట్టుకోవడం) వస్తుంది. ఎక్స్‌పీ 95 మీద రాయించడం మేలు. ఇథనాల్ 20 శాతం కలిపిన పెట్రోలుకి, అసలు కలపని దానితో పోలిస్తే అదే గాలికి 8, 9 శాతం ఎక్కువ ఇంధనం కావాలి. అందుకని ఎక్కువ ఆర్‌పీఎంలో రైల్ ప్రెషరు (ఇంజెక్టర్లకి వెళ్లే పెట్రోలు ఒత్తిడి) పడిపోతోందా లేదా స్కానరుతో లాగ్ (రికార్డు) తీసి చూడాలి. దాంతోపాటు లోపలికి వెళ్లే గాలి వేడి, సిలిండరు వారీగా నాక్ రిటార్డ్ (నాక్ ఆపడానికి స్పార్కు ఎంత వెనక్కి జరుగుతోందో), అడిగిన బూస్టు (టర్బో గాలి ఒత్తిడి), వచ్చిన బూస్టు చూడాలి. ఇవన్నీ రీమ్యాప్‌కి ముందోసారి, తర్వాతోసారి. ముందు లాగ్‌లోనే ఒక సిలిండరు మిగతావాటికన్నా ఎక్కువ వెనక్కి లాగుతుంటే ప్లగ్గో, కాయిలో, వాల్వుల మీద కార్బనో. అది బాగుచేయకుండా ఫైలు వెయ్యకూడదు.

మెకానిక్: బాక్సు లేకుండా బయటికి ఉండే ఓపెన్ కోన్ ఎయిర్ ఫిల్టరు గురించి కూడా చెప్పు బాబూ.

ట్యూనర్: అవసరం లేదన్నా. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర పది నిమిషాలు నిలబడితే అది పీల్చేది బానెట్ కింద వేడి గాలినే. కంపెనీ బాక్సులో మంచి ప్యానల్ ఫిల్టరు చాలు. ఆ డబ్బుతో పెద్ద ఇంటర్‌కూలరు, బ్రేకు ప్యాడ్లు, కొత్త డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్ వేసుకోవచ్చు. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేసిన డౌన్‌పైపు (టర్బో తర్వాతి పొగగొట్టం) అయితే వెయ్యను.

మెకానిక్: ఇంజన్ ఆయిల్ 15,000 కిలోమీటర్లు అని పుస్తకంలో ఉంటుంది. రీమ్యాప్ చేసిన బండికి 7,500కే మార్చండి.

ట్యూనర్: రోజూ హైవే మీద తిరిగే బండికి 10,000 ఇవ్వొచ్చన్నా.

మెకానిక్: ఊళ్లో నడిచే బండికి ఇవ్వను. టీఎస్ఐలో ఇంకోటి చూడాలి, ఇంటేక్ మానిఫోల్డ్ కింద ప్లాస్టిక్ థర్మోస్టాట్ హౌసింగు, వాటర్ పంపు కలిసి ఉంటాయి. కూలెంటు నెలకి కొంచెం తగ్గుతూ, గులాబీ రంగు పొర గేర్‌బాక్సు మీద ఎండి కనిపిస్తే అక్కడే కారుతోంది.

సర్వేయర్: ఒక మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన మౌలిక వివరాలు మారేలా మార్పులు చెయ్యకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. మార్పు సంగతి బీమా కంపెనీకి చెప్పకుండా దాస్తే, ప్రమాదం తర్వాత క్లెయిమ్ తిరస్కరించడానికి వాళ్ల చేతికి కారణం ఇచ్చినట్టే. లిఖితపూర్వకంగా తెలియజెయ్యండి.

వ్యాఖ్యాత: దారిలో బండి ఆగిపోతే?

మెకానిక్: ముందు చక్రాలు ఎత్తి లాక్కెళ్లే క్రేను ఒప్పుకోవద్దమ్మా. వెనక చక్రాలు తిరిగితే కప్లింగు, బెవెల్ బాక్సు తిరుగుతాయి. నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్ బెడ్ బండే కావాలని ఫోన్లోనే చెప్పాలి. దాని మీదికి లాగడానికి బంపరుకి కొక్కెం బిగించాలి. అది స్టెప్నీ దగ్గర పనిముట్ల సంచిలో ఉంటుంది, పాత బళ్లలో చాలాసార్లు పోయి ఉంటుంది కాబట్టి కొనేరోజే చూసుకోండి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల్లో దాని మర ఎడమవైపుకి ఉంటుంది. ఎడమకి తిప్పితేనే బిగుస్తుంది.